నల్లగీతకు పైన పదకొండు గుల్లలు

చాలా ఏళ్లుగా నేను మోస్తున్న బరువు ఒకటి ఉంది. ఏమిటని చెబితే మీకు నవ్వు రావచ్చు. పదకొండు గుల్లలు. ఒక్కొక్కటి రవ్వ పలుకంత. అన్నీ కలిపి గోటి మీద పెట్టినా పెట్టినట్టే తెలియదు.

అవి నా వల్ల ఉండకూడని చోటికి వచ్చాయి. వచ్చాయని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల, నాకన్నా బాగా పనిచేసే ఒకామె ఆ పనికి దూరమైంది. ఒక పెద్దాయన తను చెయ్యని తప్పును తన మీద వేసుకుని పోయారు. విషయం ఇంతే. చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు, అందుకే ముందే చెప్పేశాను.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. ఈ తప్పు నన్ను నిద్రపోనివ్వలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నేను నిద్రపోయాను. ఉదయగిరిలో టీచరుగా పనిచేసి, పిల్లలకు సైన్సు చెప్పి, వాళ్లు పెద్దవాళ్లయి పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లి భోంచేసి వచ్చి, సుఖంగానే బతికాను. ఇప్పుడూ సుఖంగానే ఉన్నాను. కాకపోతే, మీకు ప్రయోగంలో ఏం కనపడితే అదే రాయండి అని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను బోర్డు వైపు తిరిగేదాన్ని. ఎందుకో పిల్లలకు తెలిసేది కాదు. నాకు తెలిసేది.

ఇది తొంభైల మొదట్లో మాట. నేను జువాలజీలో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ఉదయగిరిలో మా ఇల్లు చెక్క గరిటెలు చెక్కేవాళ్ల వీధిలో ఉండేది. సన్నటి పనిని గంటల తరబడి చూస్తూ కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఆత్మకూరులో ఉండే మా పిన్ని ఒకరోజు కబురు పెట్టింది. వాళ్ల వీధిలో దేవదానం సారని ఒకాయన ఉన్నారట. పట్నంలో యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యి సొంత ఊరికి వచ్చేశారట. చూపు, ఓపిక ఉన్న ఇద్దరు ఆడపిల్లలు కావాలంటున్నారట. ఏం పనో పిన్నికి సరిగ్గా అర్థం కాలేదు. "మట్టిలో ఏందో ఏరాలంటమ్మా, బియ్యంలో రాళ్లు ఏరినట్టు" అంది.

పిన్ని చెప్పింది దాదాపు నిజమే. సారు ఇంటి వెనక గదిలో రెండు మైక్రోస్కోపులు ఉండేవి. విదేశంలో ఉన్న ఆయన పాత స్నేహితుడు చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో మట్టి పంపేవాడు. నడిసముద్రంలో ఓడ ఆపి, అడుగుదాకా గొట్టం దించి, అక్కడినుంచి ఇంకా లోపలికి తొలిచి తీసిన మట్టి. దాన్ని నీళ్లలో నానబెట్టాలి. సన్నటి జల్లెడలో నీళ్లు పోసి కడగాలి. ఆరబెడితే పిండిలాంటిది మిగులుతుంది. ఆ పిండిని నల్ల ట్రేలో పలచగా పరిచి మైక్రోస్కోపు కింద పెడితే, అది పిండి కాదు. అన్నీ గుల్లలే.

మొదటిరోజు చూసినప్పుడు నేను కళ్లు తీయలేకపోయాను. చక్రాల్లాంటివి, ద్రాక్షగుత్తుల్లాంటివి, అంచున పూసలు కుట్టినట్టుండేవి. సముద్రం పైన తేలుతూ బతికిన ఏకకణ జీవుల ఇళ్లు అవి. ఆ జీవి చచ్చిపోయాక గుల్ల మెల్లగా అడుగుకు రాలుతుంది. దాని మీద ఇంకొకటి. అట్లా కోట్ల ఏళ్లు. సన్నటి కుంచెను నీళ్లలో ముంచి, తడి కొనతో ఒక్కో గుల్లను ఎత్తి, గళ్లు గీసిన అట్టమీద జిగురుతో అంటించాలి. ఏ గడిలో ఏ రకం, ఎన్ని. అదీ మా పని. ఊపిరి గట్టిగా వదిలితే గుల్లలు లేచిపోతాయి. తుమ్ము వస్తే లేచి అవతలికి పరుగెత్తాలి.

ఆ రెండో ఆడపిల్ల సుగుణ. వరికుంటపాడు దగ్గర పల్లె. వాళ్ల నాయన బడిపంతులు, చర్చిలో పాటలు కూడా పాడించేవాడట. సుగుణ చెయ్యి వణికేది కాదు. నేను రెండుసార్లు జారవిడిచి ఎత్తే గుల్లను ఆమె ఒక్కసారికే ఎత్తేది. పని మధ్యలో సన్నగా పాడుకునేది, పెదవులు మాత్రం కదలనిచ్చేది కాదు, గుల్లలు ఎగురుతాయని. మధ్యాహ్నం ఇద్దరం క్యారియర్లు విప్పుకుని కలిపి తినేవాళ్లం. నాకు మంచి రోజులంటే గుర్తొచ్చేవి అవే. ఇట్లాంటి కథ చెబుతూ ఈ మాట అనడం తప్పేమో. అయినా నిజం.

సారు మాకు ఎందుకు ఏరుతున్నామో చెప్పి ఏరించారు. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పెద్ద రాయి వచ్చి పడిందని, రాక్షసబల్లులు అప్పుడే పోయాయని శాస్త్రవేత్తలు అప్పుడప్పుడే గట్టిగా అనడం మొదలుపెట్టారు. "రాక్షసబల్లి ఎముకలు ఎక్కడో ఒకటి దొరుకుతాయమ్మా. వాటితో ఎప్పుడు పోయినాయో తేల్చలేము. ఈ గుల్లలు ప్రతి పొరలోనూ వేలకు వేలు ఉండాయి. అందుకని ఇవే సాక్షులు" అనేవారు. ఆ మట్టిలో తెల్లటి పొర తర్వాత ఒక సన్నటి నల్లగీత ఉంటుంది. రాయి పడిన నాటిది. గీతకు కింద పెద్ద గుల్లలు, అంచులకు నగిషీ చెక్కినవి, బోలెడు రకాలు. గీతకు పైన అవి లేవు. చాలా చిన్నవి, ఏ అలంకారమూ లేనివి కొన్ని మాత్రమే. నగిషీ గుల్లలు ఒక్క దెబ్బకు పోయాయా, కొన్నైనా కొంతకాలం బతికి తర్వాత పోయాయా? అప్పట్లో పెద్దపెద్దవాళ్లు దీనిమీద పోట్లాడుకుంటున్నారు. బతికాయనే సారు మనసులో ఉండేది. బతికిన గుర్తు ఒక్కటైనా తన బల్లమీద దొరకాలని ఆయన ఆశ.

ఇక ఆ రోజు సంగతి.

ఎండాకాలం. సుగుణ వాళ్లమ్మకు బాగాలేదని ఊరికి వెళ్లింది. సారు పోస్టాఫీసుకు వెళ్లారు. గదిలో నేనొక్కదాన్నే. సారు పెట్టిన నియమాలు రెండే. బల్లమీద ఒక్కసారికి ఒక్క ట్రే. పని చేసేటప్పుడు ఫ్యాను వద్దు. నేను గీతకు పైనుంచి తీసిన మట్టిని పరిచి సగం చూశాను. ఒక్క పెద్ద గుల్లా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను. సగం చూశాక నాకు ఒక సరదా పుట్టింది. గీతకు కిందిదాన్ని కూడా పక్కన పెట్టుకుని, ముందూ తర్వాతా ఒకేసారి చూస్తే ఎట్లా ఉంటుంది? ఒక లోకం, అది పోయాక మిగిలిన లోకం, పక్కపక్కన. రెండో ట్రే తీసి మూత తెరిచాను.

అంతకుముందే కరెంటు పోయి ఉంది, కిటికీ వెలుతురులోనే చూస్తున్నాను. అది పోకముందు ట్రే మూసి నీళ్లు తాగడానికి లేచినప్పుడు, ఉక్కకు తట్టుకోలేక ఫ్యాను వేసుకున్నాను. స్విచ్చి ఆపడం మరిచిపోయాను. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది.

నేను లేచి స్విచ్చి కట్టేసేసరికి గీతకు కింది ట్రేలోది కొంత గీతకు పైదాంట్లోకి, కొంత బల్లమీదికి లేచిపోయింది. ఎంత? చెప్పలేను. ఒట్టి కంటికి కనపడేది కాదు. కుంచెతో బల్ల మీదిది ఊడ్చి పారేశాను. కింది ట్రే మూసి లోపల పెట్టాను. తర్వాత పైదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చూడటం పూర్తయిన సగంలోనే, ఏమీ లేదని నాకు తెలిసిన సగంలోనే, అంచున పూసలు కుట్టిన చక్రం ఒకటి మెరుస్తూ ఉంది.

సారు రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. ఇది సాకు కాదు, నిజంగానే అనుకున్నాను. ఆయన తిట్టే మనిషి కాదు. ఆయన్ని చూసి భయపడ్డానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. అయితే ఆయన గదిలోకి వచ్చీ రాగానే, నేను నోరు తెరిచేలోపు, అలవాటు కొద్దీ వంగి మైక్రోస్కోపులో చూశారు. చాలాసేపు లేవలేదు. లేచాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఏ సీసాలోదమ్మా?"

"గీతకు పైది సార్."

ఆ మాట అబద్ధం కాదు. ట్రే మీద చీటీ అదే. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ముప్పై ఏళ్లమ్మా, ఇంకొకరు కనుక్కున్నదే పాఠం చెప్పినాను" అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆ ముఖం చూశాక ఇక నేను చెప్పలేకపోయాను. చెప్పలేకపోయానా, చెప్పలేదా? అప్పట్లో మొదటిదే నిజమనుకున్నాను. ఇప్పుడు రెండోదే అంటాను. సాయంత్రంలోపు అట్లాంటివి మొత్తం పదకొండు ఏరి అట్టకు అంటించాను.

సారు తొందరపడే మనిషి కాదు. అదే సీసాలో సగం మట్టి ఆయన కడగకుండా దాచిపెట్టి ఉంచారు. సుగుణ తిరిగి వచ్చాక దాన్ని ఆమెకు ఇచ్చారు. సుగుణ వారం రోజులు చూసింది. పెద్ద గుల్ల ఒక్కటీ లేదు. అప్పుడు సారు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"సుగుణా, ఎన్నిసార్లు చూసినావమ్మా?"

"మూడుసార్లు సార్. ఒక్కటి గూడా లేదు."

"కడిగేటప్పుడు నీళ్లేమన్నా గట్టిగా పోసినావా? పెద్దవి పగిలిపోయి ఉంటాయేమో."

"లేదు సార్. మీరు చెప్పినట్టు సన్నగానే పోసినాను."

సారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆ రోజు బల్లమీద ఇంకో ట్రే ఏమన్నా ఉన్నిందా?"

"లేదు సార్."

"ఫ్యాను?"

"ఆపే ఉన్నింది సార్."

సుగుణ నా ముఖంలోకి చూసింది. అనుమానంగా కాదు. నేను అంత కచ్చితంగా చెబుతున్నాను కాబట్టి తప్పు తనదేనేమో అని వెతుక్కుంటున్నట్టు చూసింది. సారు అట్ట పక్కన పెట్టారు. "అయితే కడగడంలోనే ఎక్కడో పొరపాటు జరిగుంటాదమ్మా సుగుణా. బాధపడొద్దు. కొన్నాళ్లు చీటీలు రాసే పని చూడు" అన్నారు. మెత్తగానే అన్నారు. సుగుణ సరే సార్ అంది. చీటీలు రాసింది. అక్షరాలు ముత్యాల్లా రాసింది. కొన్నాళ్లకు వింజమూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరతానని చెప్పి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు తన కుంచె నాకు ఇచ్చింది. నాది అప్పటికి అరిగిపోయి ఉండేది.

ఆ ఏడే పట్నంలో ఒక పరిశోధనశాలకు గుల్లలు ఏరే మనిషి కావాలని సారును అడిగారు. అంతకుముందు అయితే సుగుణ పేరే రాసి ఉండేవారు, అందులో సందేహం లేదు. నా పేరు రాశారు. నేను వెళ్లలేదు. ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పాను. మా ఇంట్లో అసలు అడగనే లేదు. వెళ్లకపోవడం నాకు నేను వేసుకున్న శిక్ష అని కొన్నేళ్లు అనుకుని తృప్తిపడ్డాను. దానివల్ల సుగుణకు ఒరిగిందేమిటి? ఆ చోటు ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి పోయింది. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా ఉండటానికి మనిషి ఎన్ని త్యాగాలైనా చేస్తాడని నాకు అప్పుడు తెలిసింది.

సారు తను చూసింది చిన్న వ్యాసంగా రాశారు. ఒక పత్రికలో అచ్చయింది. అంతకుముందు పట్నంలో ఒక సభలో దాన్ని చదివినప్పుడు ఒకాయన లేచి, సముద్రం అడుగున పురుగులు మట్టిని తొలుస్తాయి కదా, కింది గుల్లలు పైకి వచ్చి ఉంటాయి, లేదా మీ బల్లమీదే కలిసి ఉంటాయి అన్నాడట. సారు తిరిగి వచ్చి ఇది నాకు నవ్వుతూ చెప్పారు. "పురుగుల సంగతి నాకు తెలియదు గానీ, మా అమ్మాయి చేతుల సంగతి తెలుసు అన్నాను" అన్నారు. నేను ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు తిన్నాను.

రెండేళ్లు గడిచాయి. అదే చోట తీసిన మట్టిని వేరే దేశంలో ఇంకెవరో చూశారు. ఎంతో జాగ్రత్తగా చూశారు. గీతకు పైన చిన్నవి తప్ప ఏమీ లేవు. సారు ఆ కాగితాలు రెండుసార్లు చదివారు. తర్వాత కూర్చుని పత్రికకు ఉత్తరం రాశారు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, పొరపాటు నా బల్ల దగ్గర నా అజాగ్రత్త వల్ల జరిగింది అని. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఉత్తరానికి స్టాంపు అంటించింది నేనే.

"చిన్నవే బతికినాయమ్మా" అన్నారు. బాధగా కాదు. కొత్తగా ఏదో తెలిసిన పిల్లవాడిలా అన్నారు. "రాయి దెబ్బకు దుమ్ము కమ్మి పైనుంచి వెలుతురు ఆగిపోయినప్పుడు, ఏదంటే అది తిని, ఎట్లంటే అట్ల బతికేవే మిగిలినాయి. మనకు నిజం తెలిసింది గదా, అది చాలు." ఆ తర్వాత, "సుగుణ చూసిందే కరెక్టు. పోయి ఆ పిల్లకు చెప్పాల" అన్నారు.

ఆయన అన్నంత పనీ చేశారు. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వింజమూరు వచ్చారు. తోడుగా నేను. సుగుణ స్కూలు పక్కన చిన్న ఇంట్లో ఉండేది. మజ్జిగ ఇచ్చింది. సారు గ్లాసు పక్కన పెట్టి, చేతులు జోడించలేదు గానీ జోడించినట్టే వంగి, "నిన్ను అనుమానించినానమ్మా. నాది తప్పు. మనసులో పెట్టుకోవద్దు" అన్నారు. సుగుణ కంగారుపడి లేచి నిలబడింది. "అయ్యో, అట్లనబాకండి సార్" అంది.

నేను ఆ ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నాను. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏ మనిషికైనా వస్తుందా? నేను మజ్జిగ తాగాను. బాగుందని కూడా అన్నాను.

ఫ్యాను స్విచ్చి మరవడం పొరపాటు. లేదు సార్ అనడం భయం. వాటికి ఏవో పేర్లు పెట్టుకోగలను. ఆ మజ్జిగకు మాత్రం ఏ పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సారు పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా ఆ వెనక గదిలో కూర్చుని చిన్న గుల్లల్ని చూస్తూనే ఉన్నారు. పెద్దవి పోయాక వాటికి వచ్చిన మంచిరోజుల గురించి కాగితాలు నింపారు. సంతోషంగా ఉండేవారు. దుఃఖంతో పోయారని నేను అనుకోవడం లేదు. అది నా గొప్ప కాదు, ఆయన స్వభావం.

నిరుడు నా కంటికి ఆపరేషన్ జరిగింది. సుగుణ ఫోన్ చేసింది, తనకూ చెయ్యాలంటున్నారని, నొప్పి ఉంటుందా అని. అడపాదడపా మాట్లాడుకుంటూనే ఉన్నాం ఇన్నేళ్లూ. ఫోన్లో సరిగ్గా చెప్పలేను, నేనే వస్తానన్నాను. వింజమూరు వెళ్లాను. ఆపరేషన్ సంగతులు చెప్పాను. తర్వాత, లేవబోయే ముందు, ఇది చెప్పాను. ఇక్కడ రాసినంత వివరంగా కాదు. ఐదారు వాక్యాల్లో.

సుగుణ కళ్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది. "నెల్లూరుకు పోయి కళ్లు చూపించుకున్నాను తెలుసునా, అప్పుట్లో. డాక్టరు కళ్లు బాగుండాయన్నాడు. అయితే చేతులదే తప్పనుకున్నాను. శానా రోజులు సూదిలో దారం ఎక్కించాలన్నా భయపడేదాన్ని" అంది. కోపంగా అనలేదు. ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అది నాకు తెలియని సంగతి. ఇన్నేళ్లూ ఆమెకు పోయింది ఒక పని మాత్రమే అనే లెక్కలో ఉన్నాను.

క్షమించమని అడిగాను. ఆమె కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. నేను మళ్లీ అడగలేదు. "నాకు చెప్పినావు, సరే. సారు రాసిందాంట్లో తప్పు ఆయన మీదనే గదా ఉండాది ఇప్పటికీ. దానికేం జేస్తావు?" అంది. తర్వాత లేచి, బస్సుకు టైమవుతుందని నా సంచి అందించింది.

సుగుణ వాళ్ల చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెబుతారు. నేను ఆ చర్చి మనిషిని కాను. నాకు తెలిసింది కాగితమే. అందుకే ఇది రాశాను. ఆ పత్రిక ఇప్పుడు వస్తోందో లేదో తెలియదు. దీన్ని ఎవరు చదువుతారో కూడా తెలియదు. మీరు చదివారు కాబట్టి మీరే నాకు ఆ పత్రిక. రాస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. సుగుణ క్షమిస్తుందో లేదో అది ఆమె ఇష్టం, నేను ఎదురుచూడటం లేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఇప్పుడే గుర్తొచ్చింది. ఆకలి బాగా వేస్తోంది.

సారు రాసిన ఉత్తరంలో ఒక్క వాక్యం దిద్దాలి. పొరపాటు ఆయన బల్ల దగ్గర జరిగిన మాట నిజమే. అజాగ్రత్త ఆయనది కాదు, నాది. దాచిందీ నేనే.